పైరవీకి విరుగుడు వెతికిన ప్రొఫెసర్

హైదరాబాద్ ఎల్‌బీ నగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టి నాదర్‌గుల్ వైపు మళ్లితే ఒకప్పటి చెల్కలూ మడికట్లూ ప్లాట్లయిన తీరు దారి పొడవునా కనిపిస్తుంది. విమానం నడపడం నేర్పే పాత ఎయిర్‌ఫీల్డ్ ఉంది, 1981లో మొదలైన ఎంవీఎస్ఆర్ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, వాటి చుట్టూ కాలనీలు అల్లుకున్నాయి. గ్రామపంచాయతీగా ఉన్న ఊరు బడంగ్‌పేటలో కలిసింది. 2019లో బడంగ్‌పేట నగరపాలక సంస్థ కావడంతో నాదర్‌గుల్ కాగితాల మీద కూడా పట్టణమైపోయింది. సర్పంచ్ స్థానంలో కార్పొరేటర్ వచ్చారు. పట్వారీ పోయి నలభై ఏళ్లు దాటింది. పహాణీ కంప్యూటర్లోకి ఎక్కింది. ఇన్ని మారినా ఆఫీసు మెట్ల దగ్గర వినిపించే ఒక మాట మాత్రం మారలేదు. ఆ మాట పైరవీ. కాగితం కదలాలంటే ఎవరితో చెప్పించాలి, ఎవరు వెంటపడితే పని అవుతుంది, దానికి ఎంతవుతుంది అన్న లెక్కంతా ఆ మూడక్షరాల్లో ఇమిడి ఉంది.

పైరవీ తెలంగాణకు ఫారసీ, ఉర్దూల దారిలో వచ్చిన మాట. వెంట నడవడం, ఒక వ్యవహారాన్ని విడవకుండా వెంబడించడం దాని అసలు అర్థం. కోర్టులో దావా నడపడాన్ని కూడా ఉర్దూలో పైరవీ అనే అంటారు. నిజాం పాలనలో దఫ్తర్ల భాష ఉర్దూ. సేత్వార్, ఫైసల్‌పట్టీ, పహాణీ లాంటి కాగితాల మీద రైతు బతుకు నిలబడి ఉండేది, కానీ ఆ కాగితంలో ఏముందో చదవడం రైతుకు రాదు. చదవగలిగినవాడు, చదివినవాడితో మాట్లాడగలిగినవాడు ఊళ్లో పెద్దమనిషి అయ్యాడు. అంతటి చరిత్రను మోస్తున్న ఈ మాట 1985 నవంబరులో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రచురించే 'ఏషియన్ సర్వే' పత్రికలో ఒక వ్యాసానికి శీర్షికగా అచ్చయింది. 'పైరవీకార్' అనే ఆ వ్యాసం రాసినవారు జి. రామ్‌రెడ్డి, జి. హరగోపాల్. గ్రామీణ భారతంలో పనులు చేయించిపెట్టే మనిషి గురించి ప్రపంచానికి చెప్పడానికి కూర్చున్నప్పుడు వాళ్లు తెలుగు పల్లె వాడే మాటను ముందు నిలిపి, ఇంగ్లిషు మాటను దానికి వివరణగా పక్కన పెట్టారు. మన రాజనీతి శాస్త్ర చరిత్రలో ఇది చిన్న విషయంగా నాకు తోచదు.

గడ్డం రామ్‌రెడ్డి కరీంనగర్ జిల్లాలో 1929లో పుట్టారు. ఉస్మానియాలో చదివి, అక్కడే రాజనీతి, పాలనా శాస్త్రాలు బోధించి, 1977 నుంచి 1982 వరకు ఆ విశ్వవిద్యాలయానికే వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. 1991 నుంచి యూజీసీ అధ్యక్షుడిగా పనిచేశారు. 1995లో లండన్‌లో కన్నుమూశారు. ఆయన గురించి చెప్పేవాళ్లు ఈ జీవితాన్ని సాధారణంగా రెండు ముక్కలు చేసి చెబుతారు. మొదటి ముక్కలో పంచాయతీరాజ్ మీద పరిశోధన చేసిన పండితుడు, రెండో ముక్కలో దూరవిద్యను నిర్మించిన పాలకుడు. మొదటిది రాజనీతి విభాగానికి, రెండోది విద్యాశాఖకు పంచేస్తారు. ఈ పంపకం తప్పని నా వాదన. ప్రభుత్వానికీ పేదవాడికీ మధ్య ఉన్న ఖాళీ ఎంత, ఆ ఖాళీలో ఎవరు నిలబడుతున్నారు అన్నదే ఆయన చివరిదాకా పట్టుకున్న ప్రశ్న. పల్లెలో దానికి ఆయన జవాబు వెతికారు, విశ్వవిద్యాలయంలో దానికి విరుగుడు వెతికారు.

ఆయనకు ముందు ఉస్మానియాలో రాజనీతి పాఠం ఎలా ఉండేదో చూస్తే ఈ మాట బలం తెలుస్తుంది. 1918లో మొదలైన ఆ విశ్వవిద్యాలయం ఉర్దూలో పై చదువులు చెప్పిన సాహసం. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి బారిస్టరై వచ్చిన హారూన్ ఖాన్ షేర్వానీ 1919లో అక్కడ చేరి చరిత్ర, రాజనీతి శాస్త్రాలు బోధించారు. ముస్లిం రాజకీయ చింతన మీద ఆయన రాసిన పుస్తకాన్ని ఇప్పటికీ చదువుతారు. బాన్‌లోనూ పారిస్‌లోనూ డాక్టరేట్లు పొంది వచ్చిన ముహమ్మద్ హమీదుల్లా అంతర్జాతీయ న్యాయం చెప్పారు. 1948లో హైదరాబాద్ సంస్థానం తరఫున ఐక్యరాజ్యసమితికి వెళ్లిన బృందంలో ఆయన ఉన్నారు, సంస్థానం కలిసిపోయాక పారిస్‌లోనే దశాబ్దాలు గడిపారు. విదేశీ అనుభవం అన్న కొలమానంతో చూస్తే వీళ్లకు మించినవాళ్లు తక్కువ. అయితే షేర్వానీ పాఠంలో రాజ్యం అంటే సుల్తాను, ఖలీఫా, మంత్రి. హమీదుల్లా పాఠంలో రాజ్యం అంటే మరో రాజ్యంతో ఒప్పందం చేసుకునేది. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా పల్లెల్లో శిస్తు కట్టేవాడు ఆ పాఠంలోకి రాలేదు. ఆ గొప్పవాళ్లను తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. రాచరికంలో బతికే విశ్వవిద్యాలయానికి శిస్తు కట్టేవాడి వైపు నుంచి రాజ్యాన్ని చూడడం సులువు కాదు.

పల్లెను చదువులోకి తెచ్చే పని ఉస్మానియాలో మొదట సమాజశాస్త్రం, మానవశాస్త్రం చేశాయి. ఎస్.సి. దూబే శామీర్‌పేటను అధ్యయనం చేసి 1955లో ప్రచురించిన 'ఇండియన్ విలేజ్' ప్రపంచమంతా చదివిన పుస్తకం. రాజనీతి వైపు నుంచి ఆ తోవ వేసినవారు నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన మామిడిపూడి వెంకటరంగయ్య. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ బొంబాయిలోనూ బోధించి, తొలి సార్వత్రిక ఎన్నికలు బొంబాయి నగరంలో ఎలా జరిగాయో దగ్గరుండి పరిశీలించి పుస్తకం రాసిన ఆయన, జీవితపు మలిభాగంలో స్థానిక పాలన మీద దృష్టి పెట్టారు. 1967లో 'పంచాయతీరాజ్ ఇన్ ఆంధ్రప్రదేశ్' పుస్తకాన్ని ఆయనతో కలిసి రాసిన యువ అధ్యాపకుడు రామ్‌రెడ్డి. ఇద్దరికీ వయసులో నలభై ఏళ్ల తేడా. గురుశిష్య సంబంధం అంటే వీళ్లిద్దరూ ఒకే పుస్తకం అట్టమీద నిలబడడమే అనిపిస్తుంది నాకు.

ఆ పుస్తకం ఊరికే పుట్టలేదు. బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ 1957లో మూడంచెల పంచాయతీ వ్యవస్థను సిఫారసు చేసింది. 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో నెహ్రూ దాన్ని ప్రారంభించారు, తొమ్మిది రోజుల తర్వాత అక్టోబరు 11న మన షాద్‌నగర్‌లో ప్రారంభించారు. నవంబరు 1 నుంచి రాష్ట్రంలో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం అమల్లోకి వచ్చింది. ఈవాళ షాద్‌నగర్, నాదర్‌గుల్ రెండూ రంగారెడ్డి జిల్లాలోవే. ఢిల్లీలో రాసిన ఒక ఆలోచన హైదరాబాద్ పొలిమేరల్లో ఆఫీసుగా, జీపుగా, బ్లాకు అధికారిగా దిగింది. దాన్ని చూడడానికి విదేశీ పండితులు కూడా వచ్చారు. సెలిగ్ హారిసన్ 1956లోనే ఆంధ్ర కమ్యూనిస్టులను కులం లెక్కలో వివరించాడు. మైరన్ వీనర్ గుంటూరులో కాంగ్రెస్‌ను పరిశీలించాడు. క్యారొలిన్ ఎలియట్ రెడ్డి, కమ్మ ముఠాల మీద రాసింది. వాళ్ల పని విలువైనదే. కానీ ఆ రాతల్లో ఎక్కువగా కనిపించేది పైవాళ్ల మధ్య పోటీ. ఏ కులం నాయకుడు ఏ ముఠా కట్టాడు, ఎవరు ఎవరిని దించారు అన్నది. ఓటు వేసినవాడు మర్నాడు ఆఫీసుకు వెళ్తే ఏమైందన్నది ఆ లెక్కలోకి రాదు. రామ్‌రెడ్డి, కె. శేషాద్రి కలిసి వరంగల్ జిల్లా పంచాయతీ ఎన్నికల్లో ఓటరు నడతను అధ్యయనం చేసి 1972లో 'ది ఓటర్ అండ్ పంచాయతీరాజ్' వెలువరించారు. రాజేంద్రనగర్‌లోని జాతీయ సమాజాభివృద్ధి సంస్థ దాన్ని ప్రచురించింది. చూపు నాయకుడి మీద నుంచి ఓటరు మీదకు మళ్లింది.

ఓటరు మీద నుంచి ఆ చూపు అర్జీదారు మీదకు మళ్లినప్పుడే పైరవీకారు కనిపించాడు. 1970ల మొదట్లో కేంద్రం చిన్న రైతుల కోసం ఎస్ఎఫ్‌డీఏ పథకం పెట్టింది. గేదెకు, బావికి, పంపుసెట్టుకు అప్పు, అందులో కొంత సబ్సిడీ. డబ్బు ఉంది, చట్టం ఉంది, అధికారి ఉన్నాడు, అర్హుడైన రైతూ ఉన్నాడు. అయినా మధ్యలో ఏదో తెగిపోయింది. రామ్‌రెడ్డి, హరగోపాల్ ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకాన్ని పరిశీలించి 'పబ్లిక్ పాలసీ అండ్ ది రూరల్ పూర్ ఇన్ ఇండియా' రాశారు. పైరవీకారు వ్యాసం కూడా అదే ఏడాది, 1985లో వచ్చింది. వాళ్లు గుర్తించిన విషయం ఇదీ: ప్రభుత్వం పల్లెలోకి ఎంత లోతుగా దిగితే ఫారాలు, సంతకాలు, సర్టిఫికెట్లు అంతగా పెరుగుతాయి. వాటి సంగతి తెలియని రైతుకు, రైతు సంగతి పట్టని అధికారికి మధ్య వంతెనలా ఒక మనిషి నిలబడతాడు. అతనికి బీడీవో ఎప్పుడు ఆఫీసులో ఉంటాడో తెలుసు, ఎమ్మెల్యే ఎవరి మాట వింటాడో తెలుసు, బ్యాంకు మేనేజరుకు ఏ కాగితం కావాలో తెలుసు. అతని పెట్టుబడి భూమి కాదు, కులం ఒక్కటే కూడా కాదు. తెలిసి ఉండడం, తెలిసినవాళ్లు ఉండడం అతని పెట్టుబడి. దొర గడీలో కూర్చుంటాడు, పైరవీకారు బస్టాండులో దిగుతాడు. అధికారం కొత్త రూపం ఎత్తిందని ఆ వ్యాసం చెప్పింది.

పైరవీకారు బతికేది అవతలివాడికి తెలియకపోవడం మీద. అది తగ్గనంతకాలం ఎన్ని పథకాలు పెట్టినా సగం ఫలం మధ్యలో ఆగుతుంది. దీన్ని ఇంత వివరంగా చూసిన మనిషి అవే సంవత్సరాల్లో, కాలేజీ గడప తొక్కని వాళ్లకు డిగ్రీ చదువు చేరవేసే సంస్థ కట్టడం కాకతాళీయమని నేను అనుకోను. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో ఆ తరహాలో అదే మొదటిది. అప్పట్లో ఇంటర్ సర్టిఫికెట్ లేనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలుండేది. పాఠాలు తెలుగులో అచ్చై ఇంటికి వస్తాయి. జిల్లాల్లోని కాలేజీల్లోనే అధ్యయన కేంద్రాలు. సెలవు రోజున వెళ్లి సందేహం అడగవచ్చు. ఆర్టీసీ కండక్టరుకు, అంగన్‌వాడీ కార్యకర్తకు, పెళ్లితో చదువు ఆగిపోయిన స్త్రీకి ఆ తలుపు తెరుచుకుంది. 1988లో రామ్‌రెడ్డి సంపాదకత్వంలో వచ్చిన ఒక పుస్తకం పేరులోనే దంతపు మేడల తలుపులు తెరవడం గురించిన మాట ఉంది. విశ్వవిద్యాలయాన్ని కూడా ఆయన ఒక ఆఫీసుగానే చూశారని నా ఊహ. దానికి కూడా కౌంటరు ఉంది, ఫారం ఉంది, లోపలికి రానివ్వని గుమాస్తా ఉన్నాడు. ఆ గుమాస్తా పేరు కనీస అర్హత.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. పైరవీకారు వ్యాసం 1985లో వచ్చింది, విశ్వవిద్యాలయం 1982లోనే పుట్టింది. వ్యాసం విశ్వవిద్యాలయానికి కారణం ఎలా అవుతుంది అని. కారణమని నేను అనడం లేదు. అచ్చయిన తేదీకీ, క్షేత్రంలో చూసిన కాలానికీ తేడా ఉంటుంది. ఎస్ఎఫ్‌డీఏ డెబ్బయ్యవ దశకపు పథకం. ఉస్మానియాలో కరస్పాండెన్స్ కోర్సుల సంస్థ మొదలైంది కూడా ఆయన వైస్ ఛాన్సలర్ అయిన 1977లోనే. ఇప్పుడు దాని పేరే ప్రొఫెసర్ జి. రామ్‌రెడ్డి దూరవిద్యా కేంద్రం. రెండు పనులూ పక్కపక్కనే నడిచాయి. ఒక మనిషి పగలు ఒక ప్రశ్న, రాత్రి దానితో పొత్తులేని మరో ప్రశ్న వేసుకుని ఇరవై ఏళ్లు గడపడం అరుదు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ఇదంతా బ్రిటన్ నుంచి తెచ్చుకున్న నకలు, 1969లో రాజశాసనంతో ఏర్పడిన అక్కడి ఓపెన్ యూనివర్సిటీని చూసి ఇక్కడ పెట్టారు, ఇందులో తెలంగాణ పల్లె పాఠం ఎక్కడుంది అని. నమూనా అక్కడిదే, ఎవరూ కాదనలేరు. కానీ అక్కడ పాఠం బీబీసీ టెలివిజన్ మీద నడిచింది. మన దూరదర్శన్ జాతీయ ప్రసారాలు మొదలైందే 1982 ఆగస్టులో. పల్లెలో టీవీ ఉన్న ఇల్లు వెతికినా దొరకని కాలం. కాబట్టి ఇక్కడ బరువంతా అచ్చు పాఠం మీద, రేడియో మీద, ఊరికి దగ్గరలోని కాలేజీ గది మీద పడింది. తెలుగు అకాడమీ 1968 నుంచి తెలుగులో డిగ్రీ పుస్తకాలు తయారుచేస్తూ వేసిన బాట దానికి కలిసొచ్చింది. విదేశంలో చూసినదాన్ని ఇక్కడి దారిద్ర్యానికీ ఇక్కడి భాషకూ ఒదిగేలా కోసి కుట్టడమే అంతర్జాతీయ అనుభవానికి ఉపయోగం. ఢిల్లీలో అదే పని పెద్ద ఎత్తున జరిగింది. ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయం 1987లో రెండు డిప్లొమాలతో, 4,528 మంది విద్యార్థులతో చదువు మొదలుపెట్టింది. కొన్ని దశాబ్దాల్లో అది ప్రపంచంలోని అతిపెద్ద విశ్వవిద్యాలయాల్లో ఒకటైంది.

చదువు నాణ్యత పడిపోయిందన్న విమర్శను మాత్రం తేలిగ్గా తోసేయకూడదు. మధ్యలో మానేసేవాళ్లు దూరవిద్య అంతటా ఎక్కువ. పాఠం అందడం, పాఠం అర్థం కావడం ఒకటి కాదు. డిగ్రీ చేతికొచ్చినా ఉద్యోగంలో దాన్ని చిన్నచూపు చూసే ఆఫీసులు ఉన్నాయి. రామ్‌రెడ్డికి ఇది తెలియదని అనలేం; ఆయన యూజీసీ అధ్యక్షుడిగా ఉన్న 1994లోనే విశ్వవిద్యాలయాల నాణ్యతను కొలిచే న్యాక్ ఏర్పడింది. నా తీర్పు ఏమిటంటే, తలుపు తెరిచినవాడి బాధ్యత ఒకటి, ఇంట్లో దీపం వెలిగించాల్సినవాళ్ల బాధ్యత మరొకటి. మొదటిది జరిగింది. రెండోది ఆయన తర్వాతివాళ్లు చాలాచోట్ల వదిలేశారు.

పైరవీకారును అంత చెడ్డగా చూడాలా అన్న ప్రశ్న కూడా ఉంది. ఆ వ్యాసం వచ్చిన పదిహేనేళ్లకు, 2000లో, జేమ్స్ మేనర్ అదే 'ఏషియన్ సర్వే'లో భారత రాష్ట్రాల్లోని చిన్నస్థాయి ఫిక్సర్ల గురించి రాశాడు. ఊరికీ ప్రభుత్వానికీ నడుమ వాళ్లు ఉపయోగకరమైన పని చేస్తున్నారని, వాళ్లు లేకపోతే పేదలకు ఆ కాస్త కూడా అందదని అతని ధోరణి. అందులో నిజం ఉంది. నాదర్‌గుల్ లాంటి చోట పేరు మార్పిడికి, ఇంటి నంబరుకు, పింఛనుకు తిరిగే ముసలివాళ్లకు తోడుగా వెళ్లే మనిషి ఉపకారే. అయితే ఉపకారం, ఆధారపడడం కలిసే పెరుగుతాయి. ఇవాళ పింఛను ఇప్పించినవాడు ఎన్నికల రోజున ఓటు అడుగుతాడు, ప్లాటు అమ్మకంలో వాటా అడుగుతాడు. హక్కు దయగా మారిపోతుంది. 1989లో ఫ్రాన్సిన్ ఫ్రాంకెల్, ఎం.ఎస్.ఏ. రావు సంపాదకత్వంలో వచ్చిన సంపుటిలో ఆంధ్రప్రదేశ్‌లో కులం, వర్గం, పెత్తనం గురించి రామ్‌రెడ్డి రాసిన వ్యాసం సర్దుబాటు రాజకీయాలను చర్చించింది. పైనున్న పెత్తనం కిందివాళ్లకు కొంచెం కొంచెం పంచుతూ తాను చెదరకుండా నిలబడుతుంది. పైరవీకారు ఆ సర్దుబాటుకు ఊళ్లో ఉండే చెయ్యి.

అయినా పైరవీ చదువుతో పోయిందా? పోలేదు. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది, 1985లో మండలాలు వచ్చాయి, 1993లో 73వ రాజ్యాంగ సవరణ అమలైంది, 2011లో మీసేవ వచ్చింది, భూముల రికార్డుకు 2020లో ధరణి, 2025లో భూభారతి వచ్చాయి. ప్రతి మార్పూ మధ్యవర్తిని తీసేస్తానంది. ప్రతి మార్పు తర్వాతా కొత్త పద్ధతి ముందుగా నేర్చుకున్న కొత్త మధ్యవర్తి పుట్టాడు. దీన్నిబట్టి రామ్‌రెడ్డి విరుగుడు పనిచేయలేదని కొందరు అంటారు. అది సగమే పనిచేసిందని నేనంటాను. డిగ్రీ చేరింది గానీ, ప్రభుత్వం ఎలా నడుస్తుందో చెప్పే చదువు ఆ డిగ్రీతో పాటు చేరలేదు.

ఆ చదువు ఇప్పుడు ఎక్కువగా జరుగుతున్నది దిల్‌సుఖ్‌నగర్‌లో. మెట్రో స్టేషన్ చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్లలో గ్రూప్-1, గ్రూప్-2 రాసే వేలమంది పల్లె పిల్లలు 'పాలిటీ' చదువుతారు. బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ ఏ సంవత్సరం, పదకొండో షెడ్యూలులో ఎన్ని అంశాలు, గ్రామసభ ఏ అధికరణంలో ఉంది అని అడిగితే ఠక్కున చెబుతారు. వాళ్ల శ్రమ పట్ల నాకు గౌరవం ఉంది. ఆ ఉద్యోగం ఒక కుటుంబాన్ని నిలబెడుతుంది. కానీ 29 అంశాలు కంఠతా వచ్చిన ఆ పిల్లలకు, తమ ఊరి పంచాయతీకి వాటిలో ఎన్ని నిజంగా దక్కాయో చూసే పరీక్ష ఎవరూ పెట్టడం లేదు. రామ్‌రెడ్డి, శేషాద్రి వరంగల్ పల్లెల్లో చేసిన పని అలాంటిదే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి నాదర్‌గుల్ సిటీ బస్సు దూరం. పంచాయతీగా బతికిన ఊరు కార్పొరేషన్‌లో కలిసినప్పుడు గ్రామసభ ఏమైంది, అర్జీ ఎక్కడికి వెళ్తోంది, దాని వెంట ఎవరు నడుస్తున్నారు అన్నది ఇవాళ అక్కడ కళ్లముందే జరుగుతున్న రాజనీతి పాఠం.

జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 46కు ఇప్పుడు ప్రొఫెసర్ జి. రామ్‌రెడ్డి మార్గ్ అని పేరు. ఆయన మొదలుపెట్టి, 1991లో అంబేద్కర్ పేరు పెట్టుకున్న సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆ దారిలోనే ఉంది. ఆ విశ్వవిద్యాలయంలోనూ ఉస్మానియాలోనూ రాజనీతి చెప్పే అధ్యాపకులకు ఒక విన్నపం. నగరంలో కలిసిపోతున్న ఇలాంటి ఊళ్లకు మీ విద్యార్థులను పంపండి. 1985 నాటి పైరవీకారు ఇప్పుడు ఏ రూపంలో ఉన్నాడో చూసి రమ్మనండి. వాళ్లు చూసింది ఈసారి తెలుగులో రాయించండి.